ఎవరూ నాటని చెట్టు

*అచ్యుతాపురం గట్లమీద తరతరములుగా తనంత తాను మొలచిన తాడి, ఇకమీదట మనము నాటితేనే నిలుచును*

సూర్యోదయమునకు ముందు కొండకర్ల ఆవ ఒడ్డున నిలిచినచో, నీటిమీది మంచులోనుండి రెండు నల్లని మొద్దులు జంటగా, కలువాకులను ఒరసికొనుచు, మెల్లగా మన వైపునకు వచ్చుట కానవచ్చును. దగ్గరపడిన కొలది అవి నడుమ తొలిచి, పక్కపక్కన చేర్చి కట్టిన తాటి మొదళ్ళని తెలియును. వానిపై ఒక మనిషి నిలిచి గడకర్రతో అడుగు నేలను త్రోయుచుండును. దోనె లోపల ఒక వల, నాలుగు చేపలు, ఒక చద్దిమూట. పలకలును మేకులును లేని పడవ యిది. నేలపై నిలిచినన్నాళ్ళు గాలివానలకు తలయొగ్గని చెట్టు, కూలిన పిమ్మట గూడ మనుష్యుని నీటిమీద మోయుచు మరి కొన్నియేండ్లు కొలువు చేయుచున్నది. విశాఖనుండి సెలవునాడు విహారమునకు వచ్చు కుటుంబములును, నీటిపక్షులను చూడగోరి యీ జంట దోనెలనే యెక్కి ఆవ నడుమకు పోవుచుందురు.

ఈ ఆవ యున్నది అచ్యుతాపురం మండలములో. ఆ పేరు వినినంతనే నేటి పాఠకునికి ప్రత్యేక ఆర్థిక మండలి, బ్రాండిక్స్ వస్త్రనగరము, ఔషధ కర్మాగారములు, రాంబిల్లి తీరమున రూపు దిద్దుకొనుచున్న నౌకాదళ స్థావరము, 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖలో శంకుస్థాపన చేసిన పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ కేంద్రము స్ఫురించును. ఇవి అనేక కుటుంబములకు జీతము చూపినవి. వానిని కాదనుట యీ కథన ముద్దేశము కాదు. అయితే పొలము పోయినచోట గట్టు పోవును, గట్టు పోయినచోట తాడి పోవును. చెరువుగట్టున, పల్లపు పొలాల అంచున, ఇసుకదిబ్బల వెనుక వరుసలు తీర్చి నిలిచిన ఆ చెట్లు ఒక్కొక్కటిగా తరిగిపోవుచుండగా, వాని స్థానమున మరల మొలచునవి మాత్రము కానరావు.

వేసవి చివర పిడుగుపాటు వార్తలు వచ్చినప్పుడెల్ల పల్లెలలో తాటిచెట్టు ప్రస్తావన మరల వినవచ్చుచున్నది. పొరుగున నున్న ఒడిశా ప్రభుత్వము పిడుగు మరణములను తగ్గించు నుద్దేశముతో 2024లో తాటిచెట్ల పెంపకమునకు పూనుకొనుటయు ఈ ప్రస్తావనకు బలము చేకూర్చినది. ఎత్తయిన చెట్టు పిడుగును తనమీదికి దింపుకొని, దూరమున పొలములో వంగి పనిచేయువానిని కాపాడునన్న నమ్మకము పాతదే. ఆ కారణముననే ఉరుములు ఉరుమునప్పుడు తాటిచెట్టు క్రింద నిలుచుట ప్రాణాపాయమని కూడ ప్రతి యింట పిల్లలకు చెప్పవలెను. చెట్టు దూరముగా నుండి రక్షించునేమో. దరిజేరిన వానిని రక్షింపదు.

తాత పారవేసిన టెంక

మన ప్రాంతమున తాటితోట వేసిన రైతు అరుదు. మామిడిని అంటు తెచ్చి నాటినాము, కొబ్బరిని గొయ్యి తీసి నాటినాము, జీడిమామిడిని కొండవాలున నాటినాము. తాడిని మాత్రము ఎవరును నాటలేదు. శ్రావణ భాద్రపదములలో పండు తనంత తాను రాలెను. పశువులు మేసి, పిల్లలు కాల్చుకొని చీకి, పారవేసిన టెంక దొర్లి గట్టునకు జేరెను. గట్టుమీదికి నాగలి రాదు గనుక ఆ టెంక బ్రదికి మొలచెను. మొలచిన మొక్క రైతున కడ్డు కాలేదు. దాని తల చిన్నది, నీడ పలుచనిది, వేరు లోతునకు పోవునది. క్రింద వరి పండుటకు ఎండ కొదువ లేదు. సరిహద్దు తగవు వచ్చినప్పుడు సాక్షి నిలిచినదియు ఆ చెట్టే. కనుక రైతు దానిని కొట్టలేదు. తాత పారవేసిన టెంక ఈ విధముగా మనుమనికి ముంజల నిచ్చినది.

ఈ ఏర్పాటు శతాబ్దముల పాటు సాగుటచేత, తాటిచెట్టు ఎల్లప్పుడు నుండునదే యన్న భరోసా మనలో నాటుకొన్నది. కాని దాని నిలుకడ నాలుగు అమరికల మీద ఆధారపడి యుండెను: పండు పక్వమగువరకు గెల చెట్టున నుండవలెను, టెంక నేల జేరవలెను, గట్టు కదలకుండవలెను, లేతమొక్కకు నిప్పు తగులరాదు. నేడు నాలుగును చెడినవి. వేసవిలో ముంజలకు గిరాకి పెరిగి గెలలు లేతగానే దింపబడుచున్నవి. మిగిలిన పండ్ల టెంకలను తేగల పాతర కొరకు ఏరుకొని పోవుచున్నారు. పొలములు చదును చేయు యంత్రములు గట్లను కలిపివేయుచున్నవి. కోత ముగిసిన పిదప పొలమునకు పెట్టిన నిప్పు గట్టున నున్న చిన్న ఆకును మాడ్చివేయుచున్నది. పెద్దచెట్టు ఇటుకబట్టీకి వంటచెరకై పోవుచుండగా, దాని వెనుక రావలసిన పిల్లచెట్టు పుట్టనే లేదు.

ముంజలు తినుట, తేగలు తినుట తప్పని దీని భావము కాదు. అనకాపల్లి రోడ్డు ప్రక్కన ఏప్రిల్ ఎండలో తాటాకు పరచుకొని కత్తిమొనతో ముంజ నొలిచి యిచ్చు అవ్వకు ఆ రెండు నెలల సంపాదనే యేడాది బియ్యమునకు ఆధారము. సంక్రాంతి వేళ కాల్చిన తేగను రెండుగా చీల్చి, నడుమనున్న చందమామ కొరకు తగవులాడుకొనని పిల్లలు ఉత్తరాంధ్రమున లేరు. అడుగవలసినది ఒక్కటే: చెట్టుకు రెండు గెలలు పండనిచ్చి, నూరు టెంకలలో పది నేలకు విడుచుట.

ఒకే మొవ్వు, ఒకే ప్రాణము

తాడిని పెంచగోరువాడు ముందుగా దాని దేహధర్మము నెరుగవలెను. చెరకుగడను అడ్డముగా నరికి చూచినచో చుట్టును గట్టి పట్టయు, లోపల మెత్తని గుజ్జు నడుమ పీచు పోగులును కనబడును. తాటి మాను కట్టుబడియు అట్టిదే. వేపకు, టేకునకు వలె ఏటేట వలయము పెరుగుట దీనికి లేదు. బలమంతయు వెలుపలి చుట్టులో నుండుట వలననే ముదురు చెట్టు చేవ దూలములకును వాసములకును పేరువడ్డది. లోపలి మెత్తదనము వలననే తొలిచి దోనె చేయుట సాధ్యమైనది. ఆ కట్టుబడిలోనే ఒక బలహీనతయు గలదు. మానుకు పడిన గాయము ఎన్నటికిని పూడదు. మేకు కొట్టినను, మెట్లుగా గంట్లు పెట్టినను, ఆ మచ్చ చెట్టు బ్రదికినంత కాలము నిలుచును. దాని గుండ పురుగును తెగులును లోనికి పోవును.

ఇక చెట్టు ప్రాణమంతయు తలలోని ఒక్క మొవ్వులో నున్నది. కొమ్మలు లేవు, పక్క మొగ్గలు లేవు. మొవ్వు కుళ్ళినచో ముప్పది మీటర్ల చెట్టయినను మొండెమై నిలిచి క్రమముగా ఎండిపోవును. అందుచేత ఆకులు కోయువారు ఎల్లప్పుడు క్రింది ముదురాకులనే కోసి, మొవ్వు చుట్టునున్న లేతాకులను విడువవలెను. తల మొత్తము గొరిగిన చెట్టు మరు ఏడు గెల వేయుటకు కూడ బలము చాలక నీరసించును.

> గోదావరి డెల్టాను వణికించిన తెగులు
>
> ఇరువదవ శతాబ్దారంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వుకుళ్ళు తెగులుతో గుంపులు గుంపులుగా చనిపోయినవి. పూసాలోని ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధనాలయమున శిలీంధ్ర శాస్త్రవేత్తగా నున్న ఇ. జె. బట్లర్ ఆ తెగులును పరిశీలించి 1910లో విపులమైన నివేదిక ప్రకటించెను. దానికి కారణమైన సూక్ష్మజీవియే నేడు ఫైటోఫ్తోరా పాల్మివోరా యని పిలువబడుచున్నది. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి తగులబెట్టించుటకై ఆనాటి మద్రాసు ప్రభుత్వము గ్రామగ్రామమున ఏండ్ల తరబడి పెద్ద ఉద్యమము నడపవలసివచ్చెను. ఒక చెట్టు తెగులును అశ్రద్ధ చేసినచో ఊరి చెట్లన్నియు పోవునని ఆ చరిత్ర నేర్పిన పాఠము.

టెంక నుండి తల వరకు

తాడిని నాటుట కష్టమైన పని కాదు. ఓర్పు గల పని. పండ్లు రాలు కాలమే విత్తు కాలము. పుష్టిగా కాయు పెంటితాడి క్రింద, బాగుగా మాగి రాలిన పెద్ద పండ్లను ఏరి, గుజ్జు తీసి, టెంకలను నీట కడిగి, తడి ఆరకముందే నాటవలెను. ఎండబెట్టి దాచిన టెంకకు మొలకెత్తు శక్తి త్వరగా నశించును. పండొక్కంటికి సామాన్యముగా మూడు టెంకలుండును.

విత్తనమును నాటినచోటనే చెట్టు పెరుగవలెను. ఇది తాడి విషయమున మొదటి సూత్రము. దీని మొలక ముందుగా పైకి రాక క్రిందికి పోవును. టెంకలోనుండి ఒక గొట్టము వంటి కాడ బయలుదేరి, మూరెడు లోతునకు దిగి, అక్కడ ఆహారమును కూడబెట్టుకొని తేగ యగును. టెంక లోపల మిగులు తెల్లని తీపి ముద్దయే బుర్రగుంజు. ఆకు నేలపైకి వచ్చుసరికి నెలలు గడచును. ఈ లోపల మొలవలేదని గొయ్యి త్రవ్వి చూచినవాడు తన మొక్కను తానే చంపుకొనును. పెరికి నాటిన మొక్కకు వేరు తెగి బ్రదుకుట అరుదు. నారు పెంచి నాటదలచినవారు పొడవాటి సంచులలో పెంచి, చిన్నతనముననే మట్టి చెదరకుండ దింపవలెను.

మొదటి ఆకు గడ్డిపోచవలె సన్నగా నుండును. చీలిన విసనకర్ర రూపు తరువాత వచ్చును. కొన్ని యేండ్లపాటు మొక్క పైకి పెరుగక, నేలలోనే తన మొదలును లావు చేసికొనును. పెరుగుట లేదని దిగులుపడ నక్కరలేదు. మాను పైకి లేచిన పిమ్మట దానికి నీరు పోయు పనియు లేదు, ఎరువు వేయు పనియు లేదు. మొదటి రెండు మూడు వేసవులు మాత్రము వారమునకొకమారు కడివెడు నీళ్ళు, ఏటికొకసారి తొలకరికి ముందు గంపెడు పశువుల ఎరువు, మేకలనుండియు నిప్పునుండియు కాపు, ఇంతే అది కోరునది.

పూత వచ్చుటకు 12 నుండి 20 ఏండ్లు పట్టును. అది పోతుతాడియో పెంటితాడియో అప్పటివరకు చూపులకు తెలియదు. కాబట్టి ఒకటి రెండు చెట్లు నాటి ముంజల కాశపడుట వ్యర్థము. వరుస వేసి నాటినచో రెండును దొరకును. పోతుతాడి ముంజల నియ్యకున్నను కల్లును నీరాను ఇచ్చును. అది లేనిదే పెంటితాడి గెల పండదు.

> నాటువారికి
>
> ▪ కాలము: ఆగస్టు, సెప్టెంబరు నెలలు, వానతడి యుండగానే.
> ▪ దూరము: చెట్టునకు చెట్టునకు సుమారు 3 మీటర్లు, గట్టుమీద ఒకే వరుస చాలును.
> ▪ గొయ్యి: మొలక దిగుటకు వీలుగా లోతున మట్టిని గుల్ల చేసి, పైన జానెడు లోపలనే టెంకను పెట్టవలెను. గొయ్యికి రెండు టెంకలు పెట్టి, పుష్టిగలదానిని నిలుపవలెను.
> ▪ నేల: ఇసుక నేల, ఎర్రనేల, కొద్దిపాటి ఉప్పు తగులు తీరపు నేలయు పనికివచ్చును.
> ▪ కొమ్ము పురుగు: పెంటకుప్పలలో పెరిగి మొవ్వును తొలుచును; చెట్ల దాపున పెంటను నిలువ ఉంచరాదు.
> ▪ ఎర్రముక్కు పురుగు: గాయముల వాసనకు వచ్చును; మానుకు గంట్లు పెట్టరాదు.
> ▪ మొవ్వుకుళ్ళు: నడిమి ఆకు వాలి, లాగితే ఊడివచ్చినచో తెగులుగా నెరిగి, చచ్చిన తలను తీసి కాల్చి, చుట్టుపట్ల చెట్ల మొవ్వులను ఒక శాతము బోర్డో మిశ్రమముతో తడుపవలెను.

చెట్టు నెక్కువారు

పెంచిన చెట్టు నెక్కుటకు మనిషి కావలెను. ఉత్తరాంధ్రమున యాత కులస్థులు, గోదావరి సీమలో శెట్టిబలిజలు, ఇతర ప్రాంతములలో గౌడ, ఈడిగ కులములవారు తరతరములుగా ఈ విద్యను కాపాడిన కుటుంబములు. తెల్లవారక ముందే మోకు భుజాన వేసికొని, నడుమున కత్తులు దోపుకొని, ఉదయ సాయంకాలములు రెండు వేళల చెట్టు నెక్కి, గెల చివరను పలుచగా గీసి, కుండ మార్చి దిగువాడు దినమునకు ఎన్ని చెట్లెక్కునో అన్ని మారులు ప్రాణమును తాటికి తగిలించి దిగుచున్నాడు. గీత ఒక్క వ్రేలు మందము ఎక్కువైనచో గెల చచ్చును. తక్కువైనచో ధార ఆగును. ఇంత సున్నితమైన చేతిపనిని మనము చిన్నచూపు చూచితిమి. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లేనందురను సామెత చెట్టుకే గాక, దాని నీడన బ్రదికిన మనిషికిని అంటుకొన్నది.

గీతగాని కొడుకు నేడు కర్మాగారమునకు పోవుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు వీలు లేదు. జారిపడి నడుము విరిగిన తండ్రిని చూచుచు పెరిగినవాడు మోకును చేపట్టవలెనని కోరుట న్యాయము కాదు. ఈ వృత్తి నిలువవలెనన్నచో భద్రముగా ఎక్కు సాధనములును, ప్రమాద బీమాయు, తీసిన సరుకుకు గౌరవమైన ధరయు గావలెను.

ఆ ధరకు త్రోవ నీరాలోను బెల్లములోను గలదు. కుండ లోపల సున్నము పూసి కట్టినచో గెలనుండి జారిన రసము పులియక తియ్యని నీరాగా దొరకును; ఎండ ముదిరిన కొలది అది త్వరగా చెడును గనుక వెంటనే చల్లబరుపవలెను, లేదా కాచవలెను. సుమారు ఎనిమిది లీటర్ల నీరాను కాచినచో ఒక కిలో తాటిబెల్లము వచ్చును. రంపచోడవరము చెంత పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానము తాటి రకములపైనను, నీరా, బెల్లము, తేగపిండి వంటి తయారీలపైనను పనిచేయుచున్నది. చెరకుబెల్లపు విపణికి దేశమున పేరొందిన అనకాపల్లి మనకు కూతవేటు దూరమున నున్నది. పెనము మీద పాకము ముదురు పదును కంటిచూపుతో చెప్పగల చేతులు ఆ చుట్టుపట్ల పల్లెలలో నున్నవి. తాటిబెల్లమునకు కావలసిన నేర్పు ఇక్కడ లేకపోలేదు. కావలసినవి చెట్లును, వానినెక్కు ధైర్యమునకు దన్నును.

చుట్టిల్లు మొదలు తాళపత్రము వరకు

తుపానులు తరుచుగా తాకు ఈ తీరమున పూర్వులు కట్టుకొన్న ఇల్లు చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, పైన దాదాపు నేలవరకు దిగు తాటాకు కప్పు. ఏ దిక్కున గాలి వీచినను మూల దొరకక జారిపోవును. ఆ కప్పునకు ఆకు, వాసమునకు చేవ, కట్టుటకు నార, అన్నియు ఆ యొక్క చెట్టే యిచ్చెను. వానలో నాట్లు వేయుకూలీ తలపై గిడుగు, పెండ్లివారి పందిరి, వేసవి విసనకర్ర, నూతి యేతపు మాను, పిల్లల తాటాకు టపాకాయ, ఇవన్నియు దాని సంతానమే. తాటి నార ఒకప్పుడు కాకినాడ, తూత్తుకుడి రేవులనుండి ఐరోపా బ్రష్షుల తయారీకి ఓడలెక్కి పోయెను. కాగితము రాకముందు మన కావ్యములు, వైద్యగ్రంథములు, భూమి లెక్కలు గంటపు మొనతో తాటాకుమీదనే నిలిచినవి. తాడికి 801 ఉపయోగములను చెప్పిన తాళవిలాసమను కృతి తమిళమున ప్రసిద్ధము.

గిజిగాడు గూళ్ళు అల్లుకొనుటకు తాటాకు చివరలనే తరచుగా ఎంచుకొనును. పాములకు పిల్లులకు అందని ఎత్తు దానికి కావలెను. తుపాను గాలికి ఆ యాకులు చీలునే గాని మాను కూలుట అరుదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖ వీధులలో నేలకొరగిన వృక్షములను చూచినవారికి, తీరమునకు ఎట్టి చెట్టు కావలెనో మరల చెప్ప నక్కరలేదు.

> ఇరుగుపొరుగున
>
> ▪ తమిళనాడు: తాడి అక్కడి రాష్ట్రవృక్షము. 2021లో వెలువడిన ప్రత్యేక వ్యవసాయ బడ్జెట్టులో తాటి విత్తనముల పంపిణీని ప్రకటించి, చెట్టు కొట్టుటకు కలెక్టరు అనుమతి తప్పనిసరి చేసిరి.
> ▪ తెలంగాణ: హరితహారమున తాటి, ఈత మొక్కలు నాటించిరి. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరచిరి.
> ▪ కంబోడియా: 2005లో తాడిని జాతీయవృక్షముగా ప్రకటించినది.

చేయవలసినది ఈ భాద్రపదముననే

పరిశ్రమలను అనుమతించునప్పుడు స్థలమున కొంత భాగము పచ్చదనమునకు విడువవలెనన్న నిబంధన సామాన్యముగా నుండును. ఆ పచ్చదనము త్వరగా పెరిగి, త్వరగా విరిగిపడు పరదేశపు చెట్లతోనే నిండవలెనన్న నియమ మెచ్చటను లేదు. అచ్యుతాపురమున ప్రతి కర్మాగారపు ప్రహరీ వెంబడి ఒక వరుస తాడి నాటినచో, నీరు అడుగదు, చోటు అడుగదు, కొమ్మ విరిగి తీగలమీద పడదు. పంచాయతీలు చెరువుగట్లను ఉపాధి హామీ పనులలో చేర్చుకొనవచ్చును. పాఠశాలలు ఆగస్టున టెంకలు పోగుచేసి పిల్లల చేత నాటించవచ్చును. ఉన్న చెట్టును నరుకకుండ తమిళనాడు చేసిన ఏర్పాటు వంటిది మన ప్రభుత్వమును చేయవచ్చును. ఇవేవియు పెద్ద వ్యయముతో కూడినవి కావు. టెంకకు ధర లేదు.

నేడు నాటిన టెంక ముంజల నిచ్చునప్పటికి నాటిన పిల్లవాడు ఉద్యోగస్థుడగును. అది సంపూర్ణముగా కాపునకు వచ్చునప్పటికి అతని పిల్లలు బడికి పోవుదురు. ఇంత కాలమెవరు ఆగుదురని అనువారికి సమాధానము మన గట్లమీద నిలిచిన చెట్లే: వాని ఫలమును మనము ఆగకుండనే తింటిమి, మనకొరకు గట్టును కదల్పక విడిచినవారుండిరి గనుక. గట్లు కదలిపోయిన కాలమున ఆ బాధ్యత మన చేతికి వచ్చినది. యాదృచ్ఛికముగా దొరికిన సంపదను ఇక ఉద్దేశపూర్వకముగా పెంచవలెను. పెంచువాని పేరు ఎవ్వరికి తెలియకపోయినను, పెంచవలెను.